చార్టు పక్కన పెట్టి వీణ తెచ్చుకున్నాం: ఏడో తరగతి ఇంగ్లీషు మాటలపై ఒక కేస్ స్టడీ

వాయిద్యాల పేర్లు ఇంగ్లీషులో నేర్పడానికి చాలా బడుల్లో ఒక చార్టు ఉంటుంది. పై వరుసలో పియానో, వయొలిన్, గిటార్, హార్ప్. కింది వరుసలో ట్రంపెట్, క్లారినెట్, శాక్సఫోన్, ఓబో. పిల్లలు వరుసగా చదువుతారు, మర్నాడు అప్పజెబుతారు, పరీక్షలో బొమ్మకూ పేరుకూ గీత గీసి జతపరుస్తారు. ఆ పైన ఓబో అన్న మాటతో వాళ్లకు మళ్లీ ఎప్పుడు పని పడుతుందో చార్టు అచ్చు వేసినవాళ్లు కూడా చెప్పలేరు.

నేను విజయనగరం జిల్లాలో, బొబ్బిలి దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. బొబ్బిలి పక్కనే గొల్లపల్లి ఉంది. బొబ్బిలి వీణ అని లోకమంతా పిలిచే వీణ పుట్టేది అక్కడే. పనస దుంగను తొలిచి, కుండా (గుండ్రటి బోలు భాగం) దండీ (పొడవాటి మెడ) ఒకే చెక్కలో వచ్చేలా చేసే ఏకాండి వీణ అది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కచేరీ వీణలతో పాటు సన్మానాల్లో బహూకరించే చిన్న వీణలు కూడా అక్కడ తయారవుతాయి. మా ఏడో తరగతిలో ముప్పై మంది దాకా ఉంటే, వారిలో నలుగురైదుగురు ఇంట్లో ఉలి చప్పుడు వింటూ పెరిగినవాళ్లు. అలాంటి తరగతి గోడకు ఓబో బొమ్మ తగిలించి వాయిద్యాలు నేర్పడం నాకు మింగుడు పడలేదు. అందుకే ఒక విద్యా సంవత్సరంలో చాలా భాగం ఈ పాఠాన్ని వేరే దారిలో నడిపాను. ఆ అనుభవంతో నాకు కలిగిన అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను: వాయిద్యాల ద్వారా ఇంగ్లీషు నేర్పేటప్పుడు అన్నిటికన్నా తక్కువ పనికివచ్చేవి వాయిద్యాల పేర్లే.

మొదట్లో పిల్లలు ఎక్కడ ఉన్నారు

మా పాఠ్యపుస్తకాలు ద్విభాషా పుస్తకాలు. ఒక పేజీలో ఇంగ్లీషు ఉంటే, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. పిల్లలు తెలుగు పేజీ చదివి పని అయిపోయిందనుకుంటారు. వాళ్లను తప్పు పట్టను, నేనైనా అదే చేస్తాను.

వాయిద్యాల పేర్లు అడిగితే తరగతి హోరెత్తింది. గిటార్, కీబోర్డు, డ్రమ్స్, వయొలిన్, క్లారినెట్, అన్నీ వచ్చు. వచ్చు అంటే, అవి ఎప్పుడో తెలుగు మాటలైపోయాయి. పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదే మనిషి ఇంగ్లీషు మాట్లాడుతున్నానని అనుకోడు. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ పుణ్యమా అని మాండొలిన్ కూడా మన ఇంటిదే అయిపోయింది. కొత్తగా నేర్పడానికి పేర్లలో మిగిలింది చాలా తక్కువ.

కానీ ‘తీగ తెగిపోయింది’, ‘ఇది వదులుగా ఉంది, బిగించు’, ‘లోపల బోలుగా ఉంది’ అని ఇంగ్లీషులో చెప్పమంటే నిశ్శబ్దం. తెగడం, బిగించడం, బోలు, మందం, నునుపు వంటివి వాయిద్యానికే పరిమితమైన మాటలు కావు. సైకిలుకూ, మంచానికీ, నీళ్ల పైపుకూ, చొక్కా గుండీకీ కావలసిన మాటలు. లోటు అసలు అక్కడ ఉంది.

చార్టు పద్ధతికి ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే జాతి మాటలను ఒకేసారి గుది గుచ్చి ఇస్తే అవి ఒకదానికొకటి అడ్డం పడతాయని భాషా బోధన పరిశోధకుడు థామస్ టింకమ్ 1993లో ప్రయోగం చేసి చూపించారు. 1997లో మరో పరిశోధకుడు రాబ్ వేరింగ్ మళ్లీ పరీక్షిస్తే అదే తేలింది. ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్, కార్నెట్ ఒకే రోజు నేర్చుకున్న పిల్లవాడికి మర్నాడు ఏది ఏదో తెలియదు. అదే 1997లో టింకమ్ మరో మాట చెప్పారు: ఒకే సన్నివేశంలో కలిసి కనిపించే మాటలైతే, అంటే ఒక వస్తువు, దాని గుణం, దానితో చేసే పని, ఇవి కలిపి ఇస్తే సులువుగా ఎక్కుతాయి. ఇరవై వాయిద్యాలకు ఇరవై పేర్ల కన్నా ఒక వాయిద్యం చుట్టూ ఇరవై మాటలు మేలని నేను తీసుకున్న నిర్ణయానికి ఆధారం ఇదే.

సంగీతానికీ ఇంగ్లీషుకూ ముడి ఏమిటని మా స్టాఫ్ రూములో ఒకరు దెప్పారు. పక్కనే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ అయిన ఆదిభట్ల నారాయణదాసు షేక్‌స్పియర్‌నూ కాళిదాసునూ పక్కపక్కన పెట్టి తెలుగు చేసిన మనిషి. ఆ ముడి మన జిల్లాలో కొత్తదేమీ కాదని చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

తీగలు లేని వీణ

తరగతికి పూర్తయిన వీణ తేవాలా, సగం చెక్కినది తేవాలా అన్నది మొదటి ప్రశ్న. పూర్తయిన వీణను పిల్లలు దణ్ణం పెట్టి దూరంగా నిలబడి చూస్తారు, ముట్టుకోరు. పైగా తయారీకి సంబంధించిన మాటలేవీ దానిలో కనిపించవు. నునుపు చేసిన దానిమీద గరుకు ఎలా చూపిస్తాం?

మా తరగతిలోని ఒక అబ్బాయి తాతగారు వీణలు చేస్తారు. అడిగితే ఆయన ఇబ్బంది పడ్డారు. “ఇది ఇంకా వీణ కాలేదండి మాస్టారూ, దుంగే. దీన్ని చూసి పిల్లలు ఏం నేర్చుకుంటారు?” అన్నారు. దుంగే కావాలండీ అని ఒప్పించాను. మనవడితో పాటు ఆటోలో వచ్చారు. ఒళ్లో గోనెపట్టా చుట్టిన వీణ, చేతి సంచిలో రెండు ఉలులు, ఒక గరుకు కాగితం ముక్క. తీగలు కట్టిన పాత వీణ ఒకటి కూడా వెంట తెచ్చారు. అది తర్వాత చాలా అక్కరకొచ్చింది.

ఆయన చేసిన మొదటి పని, కుండను బోర్లించి వేలి కణుపుతో తట్టడం. ఒకచోట ‘టక్’ అంది. ఇంకోచోట ‘టొంగ్’ అంది. టక్ అన్నచోట చెక్క ఇంకా మందంగా ఉందని, అక్కడ ఇంకా తొలవాలని చెప్పారు. నేను బోర్డు మీద రెండే మాటలు రాశాను: థిక్, హాలో. అర్థం రాయలేదు. పిల్లలు లేచి ఒక్కొక్కరూ తట్టి చూశారు. తర్వాత బల్లను తట్టారు, తలుపును తట్టారు, నీళ్ల సీసాను తట్టారు, గోడను తట్టారు. ఏది హాలో, ఏది కాదో వాళ్లే తేల్చుకున్నారు. ఒక పిల్ల పక్కనున్న తమ్ముడి వరస కుర్రవాడి తల తట్టి “సార్, హాలో” అంది. ఆ మాట ఇక ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

అలాగే కార్వ్, స్క్రేప్, రఫ్, స్మూత్, పాలిష్. ఉలి పట్టి ఆయన ఒక పెచ్చు లేపితే కార్వ్. గరుకు కాగితం వేసి రుద్దకముందు రఫ్, రుద్దాక స్మూత్. ఏ మాటకూ తెలుగు అర్థం రాయించలేదు. ఇంట్లో ఈ పని చూసే పిల్లలకు విషయం ముందే తెలుసు, మాట ఒక్కటే కొత్త. మిగతావాళ్లకు విషయమూ మాటా కలిసి వచ్చాయి. నిజానికి వీణల ఇళ్ల పిల్లలే నెమ్మదిగా పట్టుకున్నారు. వాళ్ల నోట తెలుగు మాట ముందుకు దూకుతుంది కదా. ఇది నేను ఊహించనిది.

భాగాల పేర్లు త్వరగా అయిపోయాయి. హెడ్, నెక్, బాడీ మూడో తరగతి మాటలే. వాటిని వీణ మీదికి జరపడమే తరువాయి. యాళి ముఖం హెడ్, దండి నెక్, కుండ బాడీ. బిరడలు పెగ్స్, మెట్లు ఫ్రెట్స్, మెట్లను పట్టి ఉంచే మైనం వాక్స్. వీణకు 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, తాళం తీగలు మూడు అని ఆ అబ్బాయి చెబితే నేను ఇంగ్లీషులోకి తిప్పాను. సీసాకూ నెక్ ఉంటుందని, కుండకూ ఉంటుందని చెప్పుకుని ముందుకు సాగాం.

ఎక్కువసేపు ఆగింది బిరడల దగ్గర. పాత వీణ బిరడను తాతగారు తిప్పుతుంటే పిల్లలు టైట్, లూజ్ అని అరవాలి. తీగ బిగిసేకొద్దీ స్వరం పైకి పోతుంది. అక్కడినుంచి టైటెన్, లూజెన్. గుణాన్ని చెప్పే మాట చివర ఒక తోక తగిలిస్తే పని చెప్పే మాట అవుతుందని పిల్లలే పట్టుకున్నారు. థిక్ నుంచి థికెన్, సాఫ్ట్ నుంచి సాఫెన్. ఒకడు లాంగ్ నుంచి లాంగెన్ చేశాడు. తప్పే, లెంగ్తెన్ అనాలి. అయినా ఆ తప్పు నాకు ముచ్చటేసింది. నియమం అర్థమైనవాడు మాత్రమే అలాంటి తప్పు చేయగలడు.

హై, లౌడ్ అన్న జంట దగ్గర గట్టి చిక్కే వచ్చింది. టీవీ రిమోటు వల్ల పిల్లలకు హై అంటే పెద్ద శబ్దం. స్వరం స్థాయి వేరు, శబ్దం జోరు వేరు అని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. తాతగారు కుండకు దగ్గరి మెట్టు మీద వేలుంచి చాలా మెల్లగా మీటారు: హై, కానీ సాఫ్ట్. తర్వాత అదే తీగను యాళి ముఖానికి దగ్గరి మెట్టు మీద వేలుంచి గట్టిగా మీటారు: లో, కానీ లౌడ్. నాలుగైదు సార్లు కళ్లు మూసుకుని విన్నాక తరగతి రెండు జట్లుగా చీలడం మానేసింది.

వాయించడం, ఊదడం, కొట్టడం

తెలుగులో ఒక్కో వాయిద్యానికి ఒక్కో క్రియ. వీణ మీటుతాం, సన్నాయి ఊదుతాం, డప్పు కొడతాం, తాళం వేస్తాం, శంఖం పూరిస్తాం, గంట మోగిస్తాం. పిల్లలు వీటిని ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి దించబోయి, “హి ఈజ్ పుటింగ్ తాళం” దాకా వెళ్లారు. ఇంగ్లీషులో చాలావాటికి ప్లే ఒక్కటే సరిపోతుందని తెలిశాక పెద్ద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత, శరీరం ఏం చేస్తోందో చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రమే వాడే మాటలు ఇచ్చాను: ప్లక్, బ్లో, బీట్, షేక్, స్ట్రైక్, ప్రెస్. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో మొదలుపెట్టిన పద్ధతిలో, నేను మాట అంటే వాళ్లు ఆ పని చేయాలి. ప్లక్ అంటే వేలు మీటాలి, బ్లో అంటే బుగ్గలు పూరించాలి. వారం తిరక్కుండా ఆట పిల్లల చేతికి వెళ్లిపోయింది. విరామంలో కూడా ఆడుకున్నారు.

ఇక్కడే చిన్న వ్యాకరణం. ఆటలకు ప్లే క్రికెట్, ప్లే కబడ్డీ. వాయిద్యానికి వచ్చేసరికి మధ్యలో ‘ద’ చేరుతుంది: ప్లే ద వీణ, ప్లే ద డ్రమ్స్. ఎందుకని అడిగితే నా దగ్గర పిల్లలకు చెప్పదగ్గ సమాధానం లేదు. ఆటకు వద్దు, వాయిద్యానికి కావాలి అని బట్టీ పట్టించాను. బట్టీ అన్నిసార్లూ పాపం కాదు.

వాయించేవాళ్ల పేర్లు మాత్రం సరదాగా నడిచాయి. వయొలినిస్ట్, గిటారిస్ట్, పియానిస్ట్ ఒక జట్టు. డ్రమ్మర్, ట్రంపెటర్, పైపర్ ఇంకో జట్టు. మా వాళ్లు డప్పిస్ట్ అన్న మాట పుట్టించారు. అది ఏ నిఘంటువులోనూ లేదన్నాను, మన తరగతిలో ఉందన్నారు.

తన గొప్ప తానే చెప్పుకునేవాణ్ణి ఇంగ్లీషువాళ్లు సొంత ట్రంపెట్ ఊదుకుంటున్నాడంటారని చెబితే, “మనం సొంత డబ్బా అంటాం కదా సార్” అని వెంటనే అందుకున్నారు. ఇలాంటి నుడికారాలు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని పై తరగతులకు వదిలేశాను. ఏడో తరగతి పిల్లలకు బిగించడం, వదులు చేయడం ముందు రావాలి.

అదనపు దెబ్బ

మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది. కాబట్టి ఇంగ్లీషు మాట చివర మన నోరు తనంతట తానే ఒక ఉకారం చేరుస్తుంది. డ్రమ్ముకు, ఫ్లూటుకు, స్ట్రింగుకు ఆ తోక తప్పదు. తెలుగు వాక్యంలో అది సరైన పద్ధతే, అలాగే అనాలి. ఇంగ్లీషు వాక్యంలోకి కూడా ఆ తోక వెంటపడి రావడమే సమస్య. ‘ఉ అనకండి’ అని ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు తాము అంటున్నట్టే తెలియదు.

ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు అందరికీ తెలిసినవే. గుండెల మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, చేతులతో వాయిస్తూ గంతులు వేస్తారు. అలాంటి తప్పెట ఒకటి ఊళ్లో దొరికింది. నియమం ఒక్కటే: మాటలో ఎన్ని అచ్చులు వినిపిస్తే అన్ని దెబ్బలు. డ్రమ్ అనాలి, ఒక్క దెబ్బ వేయాలి. పిల్లవాడు డ్రమ్ము అన్నాడు, చేయి రెండు దెబ్బలు వేసింది. నోటికి తెలియని తోక చెవికి తెలిసిపోయింది. తరగతంతా “రెండు పడ్డాయి” అని అరిచింది. వాడు మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి పెదవులు గట్టిగా మూసి, ‘మ్’ దగ్గర ఆగి, ఒక్క దెబ్బ వేశాడు. స్ట్రింగ్ ఇంకా కష్టం. మొదట్లో మూడు హల్లులు గుమిగూడినా దెబ్బ మాత్రం ఒక్కటే.

తర్వాత ఊనిక. తెలుగులో మాటలోని అక్షరాలు ఇంచుమించు సమానంగా పలుకుతాయి. ఇంగ్లీషులో ఒకటి లేచి నిలబడుతుంది. లేచినచోట గట్టి దెబ్బ, మిగతాచోట్ల మెత్తటి దెబ్బ. గిటార్‌లో రెండోది గట్టిది. వయొలిన్‌లో చివరిది. క్లారినెట్‌లోనూ చివరిదే. పియానోలో మధ్యది. ట్రంపెట్‌లో మొదటిది. పేర్లు తక్కువగా పనికొస్తాయని పైన అన్నాను. ఊనిక నేర్పడానికి మాత్రం అవి అక్కరకొస్తాయి, ఎందుకంటే అర్థం ముందే తెలుసు, చెవి ఖాళీగా ఉంటుంది. చివరికి రికార్డ్ అన్న మాట దగ్గరికొచ్చాం. వస్తువు పేరైతే మొదట గట్టి దెబ్బ, చేసే పనైతే చివర గట్టి దెబ్బ. రాతలో ఒకటే, దెబ్బల్లో రెండు వేర్వేరు మాటలని విన్నప్పుడు పిల్లల ముఖాల్లో చిన్న అనుమానం. ఫోనులో నిఘంటువు తెరిచి రెండు ఉచ్చారణలూ వినిపించాకే నమ్మారు.

డప్పు ఎందుకు రాలేదు

తప్పెట బదులు డప్పు వాడవచ్చు కదా అని చదివేవారికి అనిపిస్తుంది. నాకూ అదే ఆలోచన ఉండేది. ఊళ్లో డప్పు ఎవరి చేతిలో ఉంటుందో, ఎవరి చావుకు మోగుతుందో అందరికీ తెలుసు. వీణకు దణ్ణం పెట్టే పిల్లలే డప్పు మాట వస్తే పక్కవాడి వంక చూసి నవ్వారు. తండ్రి డప్పు వాయించే అబ్బాయి ఒకడు ఆ తరగతిలో ఉన్నాడు. ఇంట్లో డప్పు ఉందని వాడు చెప్పలేదు, తెమ్మని నేను అడగలేదు. కానీ తప్పెట చేతికిచ్చినప్పుడు వాడి చేయి మాట్లాడింది. గట్టి దెబ్బకూ మెత్తటి దెబ్బకూ వాడు చూపిన తేడా ఇంకెవరికీ రాలేదు. మిగతావాళ్ల దెబ్బలు తప్పో ఒప్పో తేల్చే పని వాడికి అప్పగించాను. నవ్వులు తగ్గాయి, మానలేదు. వాయిద్యం తరగతిలోకి ఒంటరిగా రాదు, తనతో పాటు ఊరినంతా తెస్తుంది. ఈ పద్ధతి ప్రయత్నించే ఉపాధ్యాయులు ముందుగా ఆలోచించుకోవలసిన విషయం నా దృష్టిలో ఇదే.

ఏవి నిలిచాయి, ఏవి జారిపోయాయి

సంక్రాంతి సెలవుల తర్వాత ముందు చెప్పకుండా ఒక పని ఇచ్చాను. మీ ఇంట్లోని ఏదైనా ఒక వస్తువు గురించి నాలుగు ఇంగ్లీషు వాక్యాలు రాయండి, అది వాయిద్యం కాకూడదు. వీణ మాటలు వీణ దాటి బయటికి వచ్చాయా లేదా అన్నదే నాకు కావలసిన కొలత.

ఒక అమ్మాయి నులక మంచం గురించి రాసింది: తీగలు లూజ్‌గా ఉన్నాయి, మా నాన్న వాటిని టైటెన్ చేస్తాడు అని, పూర్తి ఇంగ్లీషు వాక్యాల్లో. నులకకు స్ట్రింగ్ కన్నా రోప్ నయం. అయినా ఎర్ర సిరాతో కొట్టేయలేదు, పక్కన రాసి ఇచ్చాను. సైకిలు గొలుసు లూజ్ అన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు. వెదురు హాలో అని ఒకరు, బిందెకు నెక్ ఉందని ఒకరు. తరగతిలో సగానికి పైగా పిల్లల రాతల్లో వీణ దగ్గర నేర్చిన మాట కనీసం ఒకటైనా కనిపించింది.

నిలవనివి కూడా చెప్పాలి. అక్షరక్రమం మెరుగుపడలేదు. టైట్ మధ్యలో మౌనంగా కూర్చున్న రెండక్షరాలను చాలామంది వదిలేశారు. ‘వదులు’ అన్న మాటనూ ‘పోగొట్టుకోవడం’ అన్న మాటనూ ఒక అక్షరం తేడాతో కలిపేశారు. చెవితో నేర్చిన మాట చేతికి రావాలంటే విడిగా రాయించాల్సిందే. ఉకారం తోక తరగతిలో తగ్గింది, ఆవేశంగా మాట్లాడినప్పుడు తిరిగి వచ్చింది. హార్ప్, ఓబో, బసూన్ ఒక్కరికీ గుర్తులేవు. దానికి నేను బాధపడలేదు గానీ, పరీక్ష పత్రంలో జతపరిచే ప్రశ్న అలాగే ఉంది కాబట్టి పరీక్షల ముందు రెండు పీరియడ్లు చార్టుకు ఇవ్వక తప్పలేదు.

మీరు చేయదలిస్తే

వీణ లేని ఊళ్లో ఇది కుదరదని అనుకోనక్కర్లేదు. ఒగ్గు డోలు, బుర్రకథ గుమ్మెట, పద్యనాటకాల హార్మోనియం, బ్యాండు మేళం, ఏదైనా సరే. కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక 12 మెట్ల కిన్నెర పేరు తెలంగాణ పిల్లలకు బాగానే తెలుసు. మెట్లు, తీగలు, బుర్రలు అన్నీ దానిలోనూ ఉన్నాయి. హార్మోనియం వాడితే పంప్, ప్రెస్, లీక్, ఎయిర్, ఫోల్డ్ వస్తాయి. తిత్తికి చిల్లు పడినదైతే మరీ మంచిది. ఒకసారికి ఒకే వాయిద్యం తీసుకోండి. దాన్ని చేసేవాళ్లనో, బాగుచేసేవాళ్లనో పిలవండి. కచేరీ చేసేవాళ్లను పిలిస్తే పిల్లలు వింటూ కూర్చుంటారు, మాట్లాడరు. వచ్చినవాళ్లను తెలుగులోనే మాట్లాడనివ్వండి, ఇంగ్లీషు బాధ్యత మీది. పదిహేను మాటలు దాటనివ్వకండి. వాటిలో సగం క్రియలూ గుణాలూ ఉండాలి. పేరు ఒక్కటి చాలు, అది కూడా చివర్లో.

వచ్చే ఏడాది సన్నాయి తీసుకోవాలని ఉంది. ఒక విద్యార్థిని మేనమామ పెళ్లిళ్లలో ఊదుతారు, రావడానికి ఒప్పుకున్నారు. రీడ్, బ్రెత్, హోల్, కవర్, వెట్, డ్రై, స్ప్లిట్ అని జాబితా మొదలైంది. నోట్లో పెట్టుకునే పీక ఒక్కటే ఉంటుంది, ముప్పై మంది ఊదలేరు. దానికి బదులు తాటాకు బూరలు చేయిద్దామని ఆయనే సలహా ఇచ్చారు. తాటాకు తెచ్చే పూచీ పిల్లలది.